ఓదెలు కాక రెండు నిమిషాలు

మొన్న కాలేజీ వార్షికోత్సవంలో నా భుజాల మీద శాలువా కప్పారు. ముదురు ఎరుపు రంగు, అంచున బంగారు జరీ. మెడకు తగలగానే ఆ జరీ చురుక్కున గీసుకుంది. కొత్త శాలువాకు ఉండే దుకాణం వాసన ముక్కుకు తగిలింది. దాని వెనకాలే కాలిన ఇంజన్ ఆయిల్ వాసన కూడా వచ్చింది, ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. వేదిక మీద ఆ వాసన ఉండడానికి వీల్లేదు. ఉన్నవల్లా అగరుబత్తులు, బంతిపూలు, నా గురించి గంభీరంగా మాట్లాడుతున్న ముఖ్య అతిథి. "నిరంతర శ్రమకు, ఏకాగ్రతకు మారుపేరు" అని ఆయన అంటుండగా నాకు నవ్వు ముంచుకొచ్చింది. పళ్లు బిగబట్టాను. ఆగలేదు. కిసుక్కున నవ్విన నవ్వును ఆ దిక్కుమాలిన మైకు పట్టుకుని హాలంతా పంచిపెట్టింది. ప్రిన్సిపాల్ నావైపు ఒక చూపు చూశాడు. ముందు వరుసలో కూర్చున్న నా భార్య సుజాత మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని తల వంచేసింది. ఆ హాలులో ఓదెలు కాక తెలిసినవాళ్లం మేమిద్దరమే.

ఓదెలు కాక నాకు చుట్టం కాదు. గోదావరిఖని శివారు కాలనీలో మా పక్కింటాయన, మధ్యలో నడుమెత్తు గోడ. ఉపరితల గనిలో బొగ్గు మోసే డంపర్లు ఉంటాయి కదా, మేడంత ఎత్తు బండ్లు, చక్రం పక్కన నిలబడితే మనిషి నెత్తి దాని ఇరుసును కూడా దాటదు. వాటి ఇంజన్లు విప్పి బిగించే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఫోర్‌మన్‌గా రిటైరైనాడు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. రిటైరైన తరువాత కూడా కంపెనీ ఇచ్చిన ఖాకీ చొక్కానే చేతులు కత్తిరించి తొడుక్కునేవాడు. ఆ ఇంజన్ల మోత ఆయన చెవులను దాదాపు తినేసింది. ఆయనతో ఎవరు మాట్లాడినా అరిచి మాట్లాడాల్సిందే, కాలనీలో అందరూ అలాగే అరిచేవారు. ఆయన మాత్రం మెల్లగానే మాట్లాడేవాడు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. నా కోపం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తరువాత సుజాత ఎలాగూ చెబుతుంది. నాది ముక్కు మీది కోపం. స్కూటర్ స్టార్ట్ కాకపోతే స్కూటర్‌ను, అన్నం మెత్తబడితే కుక్కర్‌ను తిట్టేవాణ్ణి. నలభై దాటాక మగవాడికి ఏదో ఒకటి పడుతుందంటారు. కొందరికి భక్తి పడుతుంది, కొందరికి రాజకీయం. నాకు టర్బో కారు పట్టింది. పదహారేళ్ల పాత ఎర్ర పెట్రోల్ బండి, విదేశీ కంపెనీది, మామూలు కార్లను రోడ్డు మీద నిలబెట్టి పోయేంత జోరు. ఇంజన్ వదిలే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజన్‌లోకి అదనంగా గాలి ఊదుతుంది. టర్బో అంటే అంతే. ఈ ముక్క నేను క్లాసులో ఎన్నోసార్లు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. దాన్ని విప్పాలంటే ఏ నట్టుకు ఏ పానా పడుతుందో మాత్రం నాకు తెలియదు.

హైదరాబాద్‌లో కొని, నడుపుకుంటూ తెచ్చిన రోజున ఇంటిముందు ఆపి, కాలనీ వాళ్లంతా చూస్తున్నారా లేదా అని ఓసారి చూసుకుని, దర్జాగా తాళం తిప్పి ఇంజన్ బంద్ చేశాను. పక్కింటి గేటు ధడాలున తెరుచుకుంది. లుంగీ ఎగ్గట్టుకుని ఓదెలు కాక ఉరికొచ్చాడు. "ఆపకు సారూ! ఆపకు! అయ్యో, ఆపినవా?" అంటూ బానెట్ మీద చెయ్యి వేసి, పేషెంటు నాడి చూసే డాక్టరులాగా కళ్లు మూసుకున్నాడు. అంతకుముందు మేమిద్దరం నాలుగు మాటలు కూడా మాట్లాడుకుని ఉండం. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏమైంది కాకా? నా బండి, నేను ఆపుకున్న" అని అరిచాను. ఆయన నింపాదిగా చెప్పాడు. "పట్నం కెళ్లి ఉరికించుకుంట తెస్తివి. లోపల టర్బో చక్రం ఇంక తిరుగుతనే ఉన్నది. నువ్వు ఇంజన్ బంద్ చేస్తివి, ఆయిల్ బంద్ అయింది. ఎండిన గొంతుతోని అది ఎట్ల తిరగాలె? ఆపేముందు రెండు నిమిషాలు ఉత్తగ నడువనియ్యాలె. దమ్ము తీసుకోనియ్యాలె జర."

పుస్తకంలో ఆ సంగతి నేనూ చదివాను. చదివిన సంగతి గుర్తు లేకపోవడం వల్ల మరింత కోపం వచ్చింది. కానీ మరుసటి రోజు నుంచి నేను కాలేజీ నుంచి వచ్చే సమయానికి ఆయన గోడ దగ్గర నిలబడి రెండు వేళ్లు చూపించేవాడు. రెండు నిమిషాలు. ఇంజన్ నడుస్తూ ఉండేది, నేను సీట్లో కూర్చుని ఉండేవాణ్ణి. స్టాఫ్ రూములో ఎవడో అన్న మాట, కాపీ కొడుతూ దొరికిన పిల్లవాడి మొండితనం, అన్నీ నా బుర్రలో గిర్రున తిరుగుతుండేవి. మొదటి నిమిషంలో పళ్లు నూరుకునేవాణ్ణి. రెండో నిమిషంలో ఇంకేం చేయాలో తోచేది కాదు. దిగి ఇంట్లోకి వెళ్లేసరికి సగం కోపం బండిలోనే ఉండిపోయేది. నెల తిరిగేసరికి సుజాత "ఈ నడుమ ఇంట్ల గిన్నెలు కింద పడ్తలేవు, ఏం సంగతి?" అని అడిగింది. ఆ గిన్నెలు పడేసేది ఎవరో వేరే చెప్పక్కరలేదు.

అలా మొదలై, బండి పని మొత్తం ఓదెలు కాక చేతుల్లోకి వెళ్లింది. కరీంనగర్‌లో ఏ మెకానిక్‌కు చూపించినా బానెట్ ఎత్తి, మళ్లీ మెల్లగా దించి, "హైదరాబాద్ తీస్కపో సార్" అనేవాడు. కాక మాత్రం బానెట్ ఎత్తి మురిసిపోయాడు. "డంపర్ పిల్ల లెక్కనే ఉన్నది" అన్నాడు. ప్రతి ఆదివారం ఉదయం చాయ్ తాగి ఇద్దరం మా వాకిట్లో పనిలో పడేవాళ్లం. ఆయనకు ఒక అడుగు పొడుగు టేకు కర్ర ఉండేది, చేతి రాపిడికి నున్నగా మెరిసేది. దాని ఒక కొసను నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, రెండో కొసను పళ్ల మధ్య బిగించేవాడు. చెవులు వినకపోతేనేం, ఆ అదురు పళ్ల ద్వారా, దవడ ద్వారా లోపలికి పోయి ఆయనకు వినిపించేది. నేను ఉత్సాహపడిపోయి, శబ్దం ఎముకల గుండా ఎలా ప్రయాణిస్తుందో పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన కర్ర నోట్లోంచి తీసి, "గట్లనా సారూ? నాకు గిదంత ఎర్కలేదు. నోట్లె వెట్టుకునుడే ఎర్క" అని మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నేనూ ప్రయత్నించాను. డాక్టర్ పూడ్చిన నా దవడ పన్ను జివ్వుమని లేచింది, రెండు రోజులు గంజి తాగాను.

ఆయన రెండో నియమం సుద్దముక్క. ఇంజన్లో ఏది విప్పినా, ఎక్కడ ఏ గుడ్డ దోపినా, సుద్దముక్కతో గోడ మీద రాయాలి. గొట్టం విప్పితే దాని నోట్లో దుమ్ము పడకుండా గుడ్డ కుక్కుతాం కదా, ఆ గుడ్డ కూడా లెక్కే. బిగించేటప్పుడు ఒక్కొక్కటీ చూసి తుడిచేయాలి. గోడ మీద ఒక్క అక్షరం మిగిలినా బండి స్టార్ట్ చేయనిచ్చేవాడు కాదు. "డంపర్ల ఒకపాలి పానా మర్సిపోయినం. గా సప్పుడు ఇప్పటికి గూడ నాకు కలల ఇనవడ్తది" అనేవాడు. నాకది చాదస్తంగా తోచేది. నేను రోజూ బోర్డు మీద సుద్దముక్కతో రాసేవాణ్ణి, ఆదివారం కూడా రాయాలా?

సుద్దముక్క ఒక్కటే కాదు, గొడవలు చాలా పడ్డాం. టర్బో ఊదే గాలి ఒత్తిడి ఇంకాస్త పెంచాలని నాకు ఆశ. రెండు పేజీల లెక్క వేసి చూపించాను. కాక కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి వరుసా శ్రద్ధగా చూశాడు. "నీ లెక్క కరెక్టే సారూ. గానీ నట్టుకు లెక్కలు రావు గద" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న స్టూలు కాలికింద పెట్టాడు. ఒత్తిడి తెలియడానికి ఒక మీటరు కావాలంటే పాత డంపర్ మీటరు తెచ్చాడు. అది అన్నం తినే పళ్లెమంత ఉంది. డాష్‌బోర్డు మీద ఇంకెక్కడా పట్టక, సుజాత పెట్టుకున్న బుల్లి వినాయకుణ్ణి ఒక పక్కకు జరపవలసి వచ్చింది. "దేవున్ని జరిపి మీటర్ వెడ్తరా? ఇగ మిమ్ముల ఎవరు కాపాడ్తరో నేను జూస్త" అని ఆమె వారం రోజులు మా ఇద్దరికీ చాయ్ ఇవ్వలేదు. చివరికి కాకే వినాయకుణ్ణి తీసుకుని మీటరు నెత్తి మీద తీగతో కట్టాడు. సూది లేచినప్పుడల్లా స్వామి కొంచెం ఊగేవాడు.

ఒక ఆదివారం ఆయన కొడుకు గోడ అవతలి నుంచి "బాపు, ఆ మురికిల చేతులు వెట్టకు, నీకేం కర్మ?" అని కేకేశాడు. మంచి కొడుకే, బ్యాంకులో ఉద్యోగం, తండ్రిని కూర్చోబెట్టి చూసుకోవాలని పట్టుదల. ఇంట్లో ఫ్యాన్ ఆగితే ఫోన్ చేసి మనిషిని పిలిపిస్తాడే తప్ప తండ్రిని స్టూలెక్కనివ్వడు. కాక వినపడనట్టే స్పానర్ తిప్పుకుంటూ పోయాడు. కొడుకు లోపలికి వెళ్లాక నాతో అన్నాడు. "రిటైర్ అయినంక నాకు గీ చేతులు ఏడ వెట్టుకోవాల్నో సమజైతలే సారూ. గీ బండి వచ్చినంక మల్ల నిద్ర వడ్తున్నది." పదమూడో నంబరు స్పానర్ అడిగితే పన్నెండోది అందించాను.

ఇక సుజాత సంగతి. ఒకసారి కరీంనగర్‌లో పెళ్లికి బయలుదేరాం. చొప్పదండి దాటీదాటక ముందే టర్బో రబ్బరు గొట్టం ఫట్‌మని పగిలింది. పట్టుచీర, తల నిండా పూలు, ఆమె దిగి బండి నెట్టింది. నేను స్టీరింగ్ పట్టుకుని గొట్టాన్ని తిడుతున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె ఏమీ అరవలేదు, అదే నాకు భయం వేసింది. కరీంనగర్‌లో పాత బండ్లు కొని ముక్కలు చేసే స్క్రాపాయన ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. "కార్తీకంల ఆదిలాబాద్‌ల మా అన్న కొత్త ఇంట్లకు పోవుడు ఉన్నది. గీ బండి మీదనే పోదాం. మధ్యల ఆగకుంట మా అన్న గేటు ముందట నిలవడ్డదా, నీ బండి నీది. ఆగిందా, తెల్లారి స్క్రాపాయన వస్తడు." అప్పుడు కాక గోడ దగ్గరే, మా కిటికీకి ఎదురుగా ఉన్నాడు. అంత దూరంనుంచి ఆయనకేం వినిపించి ఉంటుందిలే అనుకున్నాను. కానీ ఆయన ముఖం వాడిపోయింది. మరునాడు ఉదయం ఆరింటికే వచ్చి, "గాలి సల్లవరిచే డబ్బా చిన్నగున్నది సారూ, పెద్దది వెడ్దాం. మంచిర్యాలల పాత లారీది ఉన్నది" అన్నాడు.

ఆ డబ్బా చూడడానికి రేడియేటర్ లాగే ఉంటుంది. టర్బో ఊదే వేడిగాలి ఒక గొట్టం గుండా అందులోకి పోయి, చల్లబడి ఇంజన్‌లోకి పోతుంది. మూడు ఆదివారాలు పట్టింది అమర్చడానికి. ముందు బంపర్‌ను కోయవలసి వచ్చింది. బండి ముందు పళ్లు ఊడినట్టు కనిపించేది, కానీ నడక మాత్రం అద్భుతం. కాక నన్ను ధర్మపురి రోడ్డు దాకా తిప్పించి, వెనక సీట్లో కూర్చుని కర్ర నోట్లో పెట్టుకుని విని, "ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

ప్రయాణానికి ముందు రోజున కాక బ్యాంకుకు వెళ్లాడు. పెన్షన్ తీసుకునేవాళ్లు ఏడాదికోసారి బతికే ఉన్నామని చెప్పి వేలిముద్ర వేసి రావాలి. పనిచేసి అరిగిన ఆయన వేళ్ల మీద గీతలు సరిగ్గా పడవు. అందుకని ఆయన బతికే ఉన్నాడని రుజువు చేయడానికి ఒక పూట పట్టేది. ఆ పూట నేను చేతులు కట్టుకుని ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. టర్బో నుంచి డబ్బాకు పోయే గొట్టం బిగింపు ఒకసారి చూద్దామనిపించింది. విప్పాను. దాని నోట్లో దుమ్ము పడకుండా కుక్కడానికి గుడ్డ కావాలి. మా ఇంట్లో పాత గుడ్డల సంచి నిండా సన్మానాల శాలువాలే. కప్పుకోవడానికి పనికిరావు, పడేయడానికి మనసొప్పదు. ఒకటి తీసి కుక్కాను. అప్పుడే సుజాత బజారు నుంచి ఫోన్ చేసి, వాళ్ల వదినకు ఏ రంగు చీర కొనాలని అడిగింది. ఏ రంగైతే ఏమన్నాను. అక్కణ్ణుంచి మాటకు మాట పెరిగి, కోపంలో ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో స్పానరు పట్టుకుని ఎప్పుడు గొట్టం బిగించానో నాకే తెలియదు. మధ్యాహ్నం కాక వచ్చి గోడ చూశాడు. "బానెట్ లేపినట్టున్నవ్. రాత ఏది సారూ?" అని అడిగాడు. "అన్ని నేనే సూసుకున్న కాకా. నేనేమన్న సిన్న పోరగాన్నా?" అని విసుక్కున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

పొద్దున్నే బయలుదేరాం. నేను, పక్కన సుజాత, వెనక కాక, ఆయన ఒళ్లో టేకు కర్ర. ఆయన్ను కూడా రమ్మని సుజాతే పిలిచింది. మంచిర్యాల దాటేసరికి బండిలో ఏదో తేడా తెలుస్తూనే ఉంది. ఈల వేస్తోంది కానీ ఉరకడం లేదు. "సూది లేస్తలేదు సారూ" అని వెనకనుంచి కాక. వినాయకుడు కదలకుండా కూర్చున్నాడు. "పొద్దుగాల సలి గద కాకా, లేస్తది లే" అన్నాను. ఖానాపూర్ దాకా చలి మీద పెట్టాను, నిర్మల్ దాకా పెట్రోల్ మీద పెట్టాను. నిర్మల్ దాటాక పాత ఘాట్ రోడ్డు ఎక్కాం, అక్కడ పెట్టడానికి ఏమీ మిగల్లేదు. మూడో గేరు, రెండో గేరు, మొదటి గేరు. ముందు బస్సు దాటిపోయింది. తరువాత పత్తి లోడు ట్రాక్టరు దాటిపోయింది. ఆ తరువాత మోపెడ్ మీద ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఒక బియ్యం సంచి, మమ్మల్ని దాటిపోయారు. వెనక కూర్చున్న ఆమె తల తిప్పి మావైపు జాలిగా చూసింది. మలుపులో కొంచెం జాగా చూసి బండిని పక్కకు తీసి నిలిపాను.

"ఆగింది" అంది సుజాత, సంచీలోంచి ఫోను తీస్తూ. నా ఒళ్లు భగ్గుమంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. వెనక్కి తిరగకుండానే, ఆయనకెలాగూ వినపడదన్న ధైర్యంతో, మామూలు గొంతుతోనే అన్నాను. "గంత పెద్ద డబ్బా ఎవ్వరు వెట్టుమన్నరు? సెవిటోని చేతిల బండి వెట్టుడు నాదే తప్పు." సుజాత నావైపు తిరిగి, ఏదో అనబోయి నోరు మూసుకుంది. వెనకనుంచి కాక గొంతు మెల్లగా వినిపించింది. "బంద్ చెయ్యకు సారూ. రెండు నిమిషాలు." కూర్చున్నాం. నా జీవితంలో అంత పొడుగు రెండు నిమిషాలు అంతకుముందు లేవు.

ఆయన దిగి బానెట్ ఎత్తించి, కర్ర పళ్ల మధ్య పెట్టుకుని టర్బో మీద ఆనించాడు. తరువాత గొట్టం మీద. తరువాత డబ్బా మీద. "గాలి మంచిగనే పుడ్తున్నది. గానీ ముందటికి పోతలేదు. డబ్బా మూతి కాడ ఏదో అడ్డం వడ్డది. నిన్న ఏం దోపినవ్ సారూ?" ఇంజన్ ఆపాను. కాక గొట్టం విప్పి లోపలికి రెండు వేళ్లు పెట్టి లాగాడు. జరీ అంచు కనబడింది. ఇంకా లాగాడు. ఎర్రటి శాలువా, ఆయిల్‌తో తడిసి ముద్దయి, మూరలకు మూరలు వస్తూనే ఉంది. దాటిపోయిన పత్తి ట్రాక్టరాయన పైమలుపులో బండి ఆపి, సాయం కావాలేమోనని దిగి వచ్చాడు. "కాయ్ ఝాలా భావూ?" అని ఏమైందో మరాఠీలో అడుగుతూ వచ్చి, ఆ శాలువా చూసి నోరు తెరిచాడు. సుజాత దగ్గరికి వచ్చి తేరిపార చూసింది. "గిది నీకు ఉత్తమ అధ్యాపకుడని కప్పినదే గద?"

కాక శాలువాను ఒకసారి దులిపి, రెండు కొసలు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి నా భుజాల మీద కప్పాడు. కప్పి, రెండు చేతులూ జోడించాడు. ట్రాక్టరాయన చప్పట్లు కొట్టాడు. సుజాత ఘాట్ రోడ్డు పిట్టగోడ మీద కూలబడి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. చొప్పదండి తరువాత ఆమె నా బండి విషయంలో నవ్వడం అదే మొదలు. నవ్వడం అయ్యాక, "అయినా ఆగింది గద కాకా. మాట మాటే" అని గట్టిగా అరిచింది. "ఆగింది బండి గాదు బిడ్డా, సారు. బండి ఏం తప్పు చేసింది? స్క్రాపాయనకు ఫోన్ చేసుడైతే సారును తీస్కపొమ్మను" అన్నాడు కాక. ఆమె ఆలోచించింది. "సరే, అన్న గేటు దాక సూద్దాం" అని ఫోను సంచీలో పెట్టింది.

ఆ తరువాత బండి ఎట్లా ఎక్కిందని! పెడల్ మీద కాలు ఆనించగానే సీటు వెనక్కి గుంజింది, సూది లేచింది, వినాయకుడు ఊగాడు. మోపెడ్ దాటాం, ఆమెకు చెయ్యి ఊపాను. బస్సును కూడా నేరడిగొండకు ముందే దాటాం. వెనక కాక కర్రను కారు అడుగు రేకుకు ఆనించి, పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటున్నాడు. నేను గెలిచినట్టే. కానీ ఆ 'సెవిటోడు' అన్న మాట ఆదిలాబాద్ దాకా నా గొంతులో ఎముకముక్కలా అడ్డుపడే ఉంది. శాలువా అడ్డం తీయడానికి కాక ఉన్నాడు, దీన్నెవరు తీస్తారు?

సుజాత అన్న నరేందర్ కొత్త ఇంటిముందు మామిడి తోరణాలు, షామియానా, గేటు దగ్గర హారతి పళ్లెంతో వాళ్ల ఆవిడ, చుట్టూ చుట్టాలు. బండి సరిగ్గా గేటు ముందు నిలబడింది. అలవాటు కొద్దీ తాళం మీద చెయ్యి వేశాను. వెనకనుంచి రెండు వేళ్లు నా భుజం పక్కన లేచాయి. సరే, కూర్చున్నాం. నరేందర్ "ఏంది బావా, దిగుతలేవేంది?" అని అద్దం మీద కొట్టాడు. అప్పుడు సుజాత, పెదవులు కదిలీ కదలనట్టుగా నాతో అంది. "కాక మనుషుల పెదాలు సూసి మాట సమజ్ చేసుకుంటడు. ఇన్నేండ్లల్ల నీకు ఎర్కనే లేదా? డంపర్ల మోతల వాళ్లు ఎట్ల మాట్లాడుకున్నరనుకుంటున్నవ్?" నేను వెనక అద్దంలోకి చూశాను. ఘాట్ రోడ్డు మీద కూడా ఆ అద్దం అక్కడే ఉంది, అందులో నా నోరు కూడా ఉంది. ఇప్పుడు అందులో ఆయన కళ్లు ఉన్నాయి.

"కాకా, తప్పయింది" అన్నాను.

ఆయన వెంటనే ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "ఏందీ సారూ? ఇంజన్ సప్పుడుల ఇనవడ్తలేదు."

"తప్పయింది కాకా, నాదే తప్పు" అని కొంచెం గట్టిగా అన్నాను. ఆయన కిటికీలోంచి మామిడి తోరణాలను చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. "జర గట్టిగ సెప్పు సారూ. సెవులు సక్కగ లేవు గద."

ఇక నాకు సిగ్గు, లజ్జ అన్నీ పోయాయి. "తప్పు నాది కాకా! శాలువ వెట్టింది నేనే! నిన్ను సెవిటోడన్న! నన్ను మాఫ్ చెయ్యి!" అని గొంతు చించుకుని అరిచాను. సన్నాయి ఊదే ఆయన ఊదడం ఆపేశాడు. హారతి పళ్లెం పట్టుకున్నామె ఒక అడుగు వెనక్కి వేసింది. నరేందర్, చుట్టాలు, ఎదురింటి మేడ మీది వాళ్లు, అందరూ మావైపే చూస్తున్నారు.

కాక అప్పుడు తిరిగాడు. కళ్లల్లో నీళ్లు మెరుస్తున్నాయి, మీసం కింద మాత్రం నవ్వు. "రెండు నిమిషాలైనయ్" అన్నాడు. "ఇగ బంద్ చెయ్యి."

ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీద కాగితాన్ని సుజాతే చింపేసింది. ఆ తరువాత ఆరేళ్ల పాటు ప్రతి ఆదివారం మా వాకిట్లో సుద్దముక్క రాతలు ఉన్నాయి. నిరుడు చలికాలంలో కాక నిద్రలోనే వెళ్లిపోయాడు. దినం రోజున ఆయన కొడుకు ఆ టేకు కర్రను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బాపు నీకే ఇయ్యమన్నడు సార్. నాకు దీంతోని ఏం చెయ్యాల్నో ఎర్కలేదు" అన్నాడు. ఇంటి వెనక కూర్చుని చాలాసేపు ఏడ్చాను. దాని చివర ఆయన పళ్ల గాట్లు ఉన్నాయి. ఇప్పుడు శబ్దం పాఠం చెప్పే రోజున దాన్ని క్లాసుకు తీసుకుపోతాను, పిల్లలు వరుసగా వచ్చి గడ్డానికి ఆనించుకుని టేబుల్ ఫ్యాన్ అదురు వింటారు. పళ్లతో కరవనివ్వను, ఆ గాట్లు చెరిగిపోతాయి.

మొన్న వార్షికోత్సవం నుంచి కొత్త శాలువాతో ఇంటికి వచ్చాం. గోడ అవతల ఎవరూ లేరు. ఇంజన్ నడుస్తూ ఉంది, సుజాత పక్కనే కూర్చుని ఉంది, దిగమని ఆమె కూడా అనలేదు. ఈ రెండు నిమిషాల్లో రోజూ నేను చేసే పని ఒకటే. ఆ రోజు ఎవరిమీద అరిచానో, అందులో ఎంత తప్పు నాదో వెతుక్కుంటాను. దాదాపు ప్రతిరోజూ ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికినదాన్ని అక్కడే కూర్చుని పైకి చెబుతాను. మనసులో అనుకుంటే సరిపోదా అని సుజాత ఒకసారి అడిగింది. సరిపోదు. ఇంజన్ సప్పుడులో ఆయనకు వినపడదేమోనని కొంచెం గట్టిగానే చెబుతాను.